వెనక గోడ ఎడమ మూల

ఫిబ్రవరి 4, 2007

ఈ డైరీ నూలు కంపెనీవాళ్ళు ఇచ్చింది. అట్ట మీద వాళ్ళ పేరు బంగారు అక్షరాల్లో ఉంది, లోపల కాగితం మాత్రం నాసిరకం. కొట్టు సంగతులకి కొట్టు పుస్తకాలున్నాయి. ఇంటి సంగతులన్నీ మా ఆవిడ నాగవేణి నోట్లో ఉంటాయి, అడక్కుండానే వినిపిస్తుంది. కాబట్టి ఇందులో తొట్టి సంగతులు తప్ప ఇంకేమీ రాయకూడదని నిర్ణయం.

తొట్టి నాలుగడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు. ముందుగదిలో, నా కుర్చీకి ఎదురుగా ఉంది. లోపల సముద్రపు నీళ్ళు. పగడాలు పెట్టి ఏడాదిన్నర అయింది. ఇవి మన సముద్రంలోవి కావు. మన దగ్గర పగడం ముక్క తీస్తే నేరం. ఇవి వేరే దేశంలో పుట్టి చెన్నై దాకా వచ్చినవి. అక్కడ నా దగ్గర చీరలు కొనే వ్యాపారి ఒకాయన ఇంట్లో పెంచుతాడు, పెరిగినవాటిలోంచి ముక్కలు తుంచి సంచుల్లో పంపిస్తాడు. పుట్టగొడుగులు, బొత్తాలు, పచ్చ నక్షత్రాలు అని నేనే పేర్లు పెట్టుకున్నాను. అసలు పేర్లకి నోరు తిరగదు.

అన్నీ అడుగున రాళ్ళ మీదే ఉన్నాయి. వెనక అద్దం బోడిగా ఉంది. నెట్ సెంటర్‌లో ఒక ఫొటో చూశాను. వెనక అద్దానికి గోడ కట్టి, గోడ నిండా పగడాలు పెంచారు. బోర్డరు, బుటా, పమిట అన్నీ కలిసిన చీరని తెరిచి ఆరేసినట్టుంది. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

ఈ ఏడు నేనూ గోడ కడతాను.

ఫిబ్రవరి 11

ఇది తొట్టి సంగతి కాదు. ఈ ఒక్కసారికి రాస్తున్నాను.

మా వీధి కల్యాణమండపంలో కళ్ళ శిబిరం పెట్టారు. నాగవేణి లాక్కెళ్ళింది. నాకు నలభై ఏడు, దగ్గర చూపుకి అద్దాలు ఎలాగూ కావాలి కదా అని వెళ్ళాను. చిన్న పిల్లలా ఉంది డాక్టరమ్మ. కంట్లోకి గాలి కొట్టి చూసింది. మళ్ళీ కొట్టింది.

"కంట్లో ఒత్తిడి ఎక్కువుందండీ. నీటికాసులేమో, పెద్దాసుపత్రిలో చూపించుకోండి. మీ ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా?"

"లేదమ్మా" అన్నాను.

అబద్ధం చెప్పలేదు. నాన్నకి చూపు పోయిన మాట నిజమే, కానీ ఆయనది జబ్బు కాదు. పెడనలో నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చున్నాడు. చీకటింట్లో, వెంట్రుకంత సన్నటి పోగులు అతుకుతూ ఉంటే ఎవరి కళ్ళయినా పోతాయి. మగ్గం తినేసింది ఆయన కళ్ళని. నేను పదిహేనో ఏట మగ్గం దిగి, బెజవాడ వచ్చి, వన్ టౌన్‌లో చీరల కొట్లో చేరాను. తర్వాత నా కొట్టు నేను పెట్టుకున్నాను. నాకెందుకు పోతాయి?

డాక్టరమ్మ చీటీ ఇచ్చింది. ఈ డైరీ వెనక అట్టలో పెట్టాను. పారేసుకోకుండా.

ఫిబ్రవరి 18

గోడ పోశాను. ట్యూబ్‌లైట్ల కింద బిగించే గడుల ప్లాస్టిక్ షీటు తెచ్చి, తొట్టి వెనక అద్దానికి సరిపడా రెండు ముక్కలు కోశాను. దాని మీద సిమెంటు, దంచిన ఆలిచిప్పలు, కల్లుప్పు కలిపి మెత్తాను. ఉప్పు కరిగిపోయాక అక్కడ కన్నాలు మిగులుతాయి, పగడం పాదం పెట్టడానికి పట్టు దొరుకుతుంది.

చిప్పలు తెచ్చింది పోలరాజు. బందరు మనిషి, చేపల వ్యాన్‌తో వారానికి రెండు మూడు సార్లు బెజవాడ వస్తాడు. తొట్టికి సముద్రపు నీళ్ళు తెచ్చేదీ అతనే. గట్టు దగ్గర బురదనీళ్ళు పట్టుకు రమ్మంటే ఒప్పుకోడు. పడవ మీద లోపలికి వెళ్ళినవాళ్ళ చేత, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు క్యాన్లలో పట్టిస్తాడు.

"పాటు మీద పడితే ఏటినీళ్ళు కలిసిపోతాయండీ. ఉప్పు చాలదు. మీ పువ్వులు చచ్చూరుకుంటాయి" అంటాడు. పగడాలని పువ్వులంటాడు. నేను దిద్దను.

గోడ ముక్కలు రెండూ మేడ మీద టబ్బుల్లో నానుతున్నాయి. సిమెంటులో ఘాటు పోయేదాకా అయిదు వారాలు, వారం వారం నీళ్ళు మార్చాలి. అయిదు వారాలా అని నాగవేణి నోరెళ్ళబెట్టింది. నూలు నానబెట్టి తొక్కే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు ఇదో లెక్కా.

ఫిబ్రవరి 25

నీళ్ళు మార్చాను.

మార్చి 4

నీళ్ళు మార్చాను. నాగవేణి చీటీ గురించి అడిగింది. జాగ్రత్తగానే ఉంది అన్నాను.

మార్చి 8

పొద్దున్న కొట్టుకి వెళ్తుంటే తోపుడుబండివాడొకడు ఎడమవైపు నుంచి ఊడిపడ్డాడు. స్కూటరు వెళ్ళి బండికి గుద్దుకుంది. ఉల్లిపాయలు రోడ్డంతా దొర్లాయి. హారన్ కొట్టుకోకుండా వచ్చేయడమేనా అని వాడి మీద అరిచాను. "తోపుడుబండికి హారన్ ఎక్కడుంటదండీ" అన్నాడు వాడు. జనం నవ్వారు. నేనూ నవ్వి, ఉల్లిపాయలు ఏరిపెట్టాను.

వన్ టౌన్ సందుల్లో స్కూటరు నడపడం రాను రాను కష్టమవుతోంది. జనం పెరిగిపోయారు.

మార్చి 11

నీళ్ళు మార్చాను.

మార్చి 25

గోడ లేచింది.

ఒక్కడివల్ల అయ్యే పని కాదని తమ్ముడు సాయిగణేష్‌ని రమ్మన్నాను. వాడు కంకిపాడులో ఉంటాడు, అక్కడి నుంచి కాలేజీ బస్సు నడుపుతాడు. ఆదివారం కాబట్టి ఖాళీ. పోలరాజు కూడా ఆగాడు. ముగ్గురం కలిసి ముక్కలు దింపి, వెనక అద్దానికి ఆనించి బిగించాం. నీళ్ళు గది నిండా అయ్యాయి. నాగవేణి గుడ్డ పట్టుకుని మా వెనకే తిరిగింది.

"నాన్న చూస్తే ఏమనేవాడ్రా?" అన్నాను.

"నీళ్ళల్లో మగ్గం పెట్టాడ్రా వీడు అనేవాడు" అన్నాడు గణేష్.

సాయంత్రం ఒక్కణ్ణే కూర్చుని పగడాలు కట్టాను. పుట్టగొడుగులు జారిపోతాయి, జిగురుకి అంటవు. వాటిని గోడకి ఆనించి, పైన జాకెట్ లైనింగ్ నెట్టు గుడ్డ పరిచి, నాలుగు మూలలా గడులకి దారంతో ముడేశాను. పోగు అతికే ముడి. పదేళ్ళ వయసులో నాన్న నేర్పింది. వేళ్ళు మరచిపోలేదు. రెండు వారాల్లో పగడం గోడని పట్టుకుంటుంది, అప్పుడు గుడ్డ కోసేయొచ్చు.

డిజైను వేసే గ్రాఫు కాగితం మీద గోడ గీసుకున్నాను. అడ్డం పన్నెండు గడులు, నిలువు ఎనిమిది. ఏ గడిలో ఏ పగడం ఉందో రాశాను. ఎడమ పై మూలకి మంచివి పెట్టాను, చెన్నై నుంచి కొత్తగా వచ్చిన నీలం పుట్టగొడుగులు. సరిగ్గా మధ్యలో ఒక ఎర్ర బొత్తాం.

చాలా సంతోషంగా ఉంది.

ఏప్రిల్ 8

గుడ్డలు కోశాను. ఒక్కటి కూడా జారలేదు. గోడ పట్టుకుంది!

పచ్చ నక్షత్రాలు కింది నుంచి పాకడం మొదలుపెట్టాయి. ముందు ఊదారంగు చాపలా పరుచుకుంటుంది, లైటు వేశాక చాప మీద పచ్చటి నక్షత్రాలు లేస్తాయి. ఇవి ఇలా పాకుతూ పైకెళ్ళి ఎప్పటికో ఎడమ మూల నీలాలని చేరాలి. అది నా ఆశ.

ఎడమ పై మూల కొంచెం మసగ్గా ఉంది. ట్యూబు పాతబడి ఉంటుంది.

ఏప్రిల్ 9

ట్యూబు మార్చాను.

ఏప్రిల్ 15

మూల ఇంకా అలాగే ఉంది. గ్రాఫు కాగితం మీద ఆ గడులకి పెన్సిల్‌తో అడ్డగీతలు పెట్టాను. పై మూడు వరసలు, ఎడమ నుంచి మూడు గడులు.

విచిత్రమేమిటంటే లేచి దగ్గరకెళ్తే నీలాలు బాగానే ఉన్నాయి. చక్కగా విచ్చుకుని ఉన్నాయి. కుర్చీలో కూర్చుని మధ్య బొత్తాన్ని చూస్తుంటే మాత్రం ఆ మూల ఉన్నట్టూ ఉండదు, లేనట్టూ ఉండదు. వెలుగు పడే కోణం వల్ల అయి ఉంటుంది. లేదా అద్దానికి లోపలివైపు నాచు పట్టి ఉంటుంది.

అద్దం గీకాను. నాచు లేదు.

ఏప్రిల్ 19

పోలరాజుని అడిగాను. నా కుర్చీలోనే కూర్చోబెట్టి మరీ అడిగాను.

"ఏ మూలండీ? అన్నీ బెమ్మాండంగా ఉన్నాయి కదండీ."

అతనికి పగడాల సంగతి ఏం తెలుసు. పువ్వులంటాడు.

ఏప్రిల్ 27

స్కూటరు అమ్మేద్దామంటే నాగవేణి ఎందుకంది. నడక ఒంటికి మంచిదన్నాను. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో నేను నడక గురించి మాట్లాడటం ఇదే మొదటిసారి అంది. నా ముఖంలోకి చూస్తూ చాలాసేపు నిలబడింది. భోజనం దగ్గర మంచినీళ్ళ గ్లాసు నా ఎడమ మోచెయ్యి తగిలి పడిపోయింది. ఈ వారంలో రెండోది. గ్లాసు పెట్టే చోట పెట్టదు ఆవిడ.

మే 3

బాగా ఆలోచించి పెద్ద బల్బు తెచ్చాను. హాలైడ్ బల్బు, పెళ్ళి పందిట్లో వేసేంత వెలుతురు. సరిగ్గా ఎడమ మూల మీదే పడేలా వేలాడదీశాను. ఇప్పుడు ఎలా కనిపించదో చూస్తాను.

మే 5

నీళ్ళు 31 డిగ్రీలు. బయట 45. మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు లేదు. ఫ్రిజ్‌లో గడ్డ కట్టిన నీళ్ళ సీసాలు తొట్టిలో వేస్తున్నాం. టేబుల్ ఫాన్ తొట్టికి పెట్టి మేము విసనకర్రలతో కూర్చున్నాం. నాగవేణి ఏమీ అనడం లేదు. అంటేనే బాగుండేది.

బల్బు తియ్యను. మూల ఇప్పుడు కొంచెం నయం అనిపిస్తోంది.

మే 7

నయమే.

మే 9

కొట్టు నుంచి వచ్చేసరికి నాగవేణి తొట్టి ముందు నిలబడి ఉంది.

"ఏవండీ, అవి అలా తెల్లబడిపోయాయేంటి?"

"ఏవి?"

"ఆ మూలవి. మీ నీలాలు. మొన్నటి నుంచీ అలాగే ఉన్నాయి. తెలిసే చేస్తున్నారేమో అనుకున్నాను."

దగ్గరకెళ్ళి చూశాను. పిండిలా తెల్లగా ఉన్నాయి. ముడుచుకుపోయాయి. ఎక్కువ వెలుగు, వేడి కలిసి పగడంలోని రంగుని తరిమేస్తాయి. ఆ మాట చెన్నై ఆయన నాకు మొదటి రోజే చెప్పాడు. మూల మూలంతా కాల్చేశాను. మొన్న ఈ కుర్చీలోనే కూర్చుని "నయమే" అని రాసుకున్నాను.

బల్బు పీకేశాను.

మే 10

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

మే 20

నిన్న కంకిపాడులో గణేష్ బావమరిది పెళ్ళి. పెడన నుంచి మా మేనత్త శివపార్వతి వచ్చింది. నాన్నకి అక్క, ఎనభై దాటాయి. చూపు లేదు. పెళ్ళయ్యాక అత్తని ఇంటికి తీసుకొచ్చాను, నాలుగు రోజులు ఉండి వెళ్తుంది.

తొట్టి ముందు నా కుర్చీలో కూర్చోబెడితే, "ఏవిట్రా మల్లీ ఆ చప్పుడు, ఇంట్లో కాలవ పారుతోందా?" అంది. సముద్రం పెట్టానత్తా అన్నాను. నవ్వి, అద్దం మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది.

నాగవేణి కాఫీ తెచ్చి, ఊరికే మాటల్లో అడిగినట్టు అడిగింది.

"పెద్దమ్మా, మీకు కళ్ళు ఎప్పుడు తగ్గాయి?"

"నీ అంత ఉన్నప్పుడేనే అమ్మా. పొయ్యి పొగ. తాటాకులూ కంపా పెట్టి వండే దాన్ని కదా, పొగ తినేసింది."

"మీరు మగ్గం నేశారా?"

"ఆడదాన్ని గుంటలో ఎవరు కూర్చోనిస్తారే? కండెలు చుట్టేదాన్ని, అంతే. మా తమ్ముడిది మగ్గం. మా నాన్నది మెరుపు."

"మెరుపా?"

"పొలం నించి వస్తుంటే ఎదురుగా మెరుపు మెరిసిందంట. ఆ ఏటి నించీ చూపు తగ్గుతూ వచ్చింది. మెరుపు కళ్ళని తాగేసిందనేవాడు. మా ఇంట్లో ఒక్కోళ్ళకి ఒక్కోటి వచ్చిందే అమ్మా. ఏం చేస్తాం."

నాగవేణి నా వైపు చూసింది. నేను తొట్టిలోకి చూశాను.

తాతకి మెరుపు. అత్తకి పొగ. నాన్నకి మగ్గం.

నాకు ట్యూబ్‌లైటు.

మే 21

మధ్యాహ్నం అత్త నిద్రపోయాక కుర్చీలో కూర్చున్నాను. మధ్య బొత్తాన్నే చూస్తున్నాను. నాగవేణి తొట్టి పక్కకొచ్చి నిలబడింది. పని చేసుకుంటోందనుకున్నాను. కాసేపయ్యాక గోడ మధ్యలో హఠాత్తుగా ఆవిడ చెయ్యి కనిపించింది, ఎర్ర గాజులతో.

"చెయ్యి ఎందుకు పెట్టావు అక్కడ?"

"ఇప్పుడు కనబడిందా?" అంది. "అయిదు నిమిషాల నించీ ఊపుతున్నానండీ. ఆ మూల నించీ మెల్లగా జరుపుకుంటూ వచ్చాను. గాజులు గలగలలాడించాను కూడా. మీరు పంపు చప్పుడు అనుకున్నట్టున్నారు."

నిజమే. పంపులో ఏదో గలగలమంటోంది, చూడాలి అనుకున్నాను.

నాగవేణి కింద కూర్చుని, నా మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇన్నాళ్ళూ ఉన్న భయమే, ఇవాళ బయటికి వచ్చింది. వచ్చాక కొంచెం తేలికగా కూడా ఉంది.

డైరీ వెనక అట్టలోంచి చీటీ తీసి ఆవిడ చేతికిచ్చాను.

మే 28

ఆసుపత్రి. రోజంతా.

గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, నడుమ ఉన్న చుక్కనే చూడమన్నారు. గిన్నెలో ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా చేతిలోని మీట నొక్కాలి. చాలాసేపు ఏ వెలుగూ రాలేదు. యంత్రం ఆగిపోయిందేమోనని ఆ అమ్మాయిని అడిగాను. "నడుస్తూనే ఉందండీ, మీరు చుక్కనే చూడండి" అంది.

తర్వాత డాక్టరుగారు కాగితం ముందు పెట్టారు. చిన్న చిన్న గడులు, తెలుపు నుంచి నలుపు దాకా. ఎడమ కన్ను దాదాపు నలుపే. నడిమధ్యలో చిన్న కిటికీ మిగిలింది. కుడి కంట్లో ముక్కు వైపు పైభాగం నలుపు, అంటే నాకు ఎడమ పై మూల.

నేను సంచిలోంచి నా గ్రాఫు కాగితం తీసి దాని పక్కన పెట్టాను. ఏప్రిల్‌లో పెన్సిల్‌తో అడ్డగీతలు పెట్టిన కాగితం. పై మూడు వరసలు, ఎడమ నుంచి మూడు గడులు.

డాక్టరుగారు రెండూ మార్చి మార్చి చూశారు.

"ఇది ఎక్కడ తీయించారండీ?"

"ఇంట్లోనే" అన్నాను.

పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవాలి. రోజూ చుక్కలు వేసుకోవాలి, బతికున్నంతకాలం. నాలుగైదేళ్ళ ముందు వచ్చి ఉంటే చాలా మిగిలేదని చెప్పారు. తిట్టినట్టు చెప్పలేదు. తిట్టినా బాగుండేది.

మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా?

"మా నాన్నకి, మా మేనత్తకి, మా తాతకి" అన్నాను.

"తోడబుట్టినవాళ్ళు ఉన్నారా?"

"తమ్ముడు. నలభై ఒకటి."

"వెంటనే చూపించండి. ఏం పని చేస్తారు?"

నేను చెప్పలేదు. నాగవేణి చెప్పింది.

జూన్ 3

చుక్కలు వేసుకున్నాను. కళ్ళు మండుతున్నాయి.

నీలాల్లో మూడు చనిపోయాయి. రెండు కొంచెం కొంచెం రంగు పట్టుకుంటున్నాయి. దగ్గరగా వెళ్ళి, తల తిప్పి చూసి మరీ రాస్తున్నాను.

జూన్ 6

చుక్కలు వేసుకున్నాను. గణేష్‌కి ఫోన్ చేద్దామనుకున్నాను. చెయ్యలేదు.

జూన్ 10

వాడికి చెప్తే ఉద్యోగం పోతుంది. ఇద్దరు పిల్లలు. బస్సు నడపడం తప్ప వేరే పని రాదు వాడికి. ఒకవేళ వాడి కళ్ళకి ఏమీ లేకపోతే? అన్నయ్యకి ఉన్నంత మాత్రాన తమ్ముడికి ఉండాలని ఏముంది. అనవసరంగా భయపెట్టినవాణ్ణి అవుతాను.

చుక్కలు వేసుకున్నాను.

జూన్ 11

కాలేజీలు తెరిచారు.

జూన్ 12

పోలరాజు నీళ్ళు తెచ్చాడు. నా కళ్ళ సంగతి చెప్పాను. అతను క్యాను దింపాడు. తర్వాత అన్నాడు.

"ఆ రోజు మీ కుర్చీలో కూర్చుని అన్నీ బావున్నాయన్నాను కదండీ. మీరు నా మీద ఇసుక్కున్నారు. ఇంకో నాలుగు మాటలు గట్టిగా అని ఉండాల్సింది నేను."

గట్టిగా అనాల్సింది ఎవరో నాకు తెలుసు. నిన్న రాసింది చదువుకున్నాను. మొన్నటిది చదువుకున్నాను. ఏప్రిల్ 15న రాసింది కూడా చదివాను. మూడూ ఒకే మనిషి చేతి రాత, ఒకే మనిషి మాటలు. వెలుగు పడే కోణం అట. అనవసరంగా భయపెట్టడం అట.

ఆ బస్సులో నలభై మంది పిల్లలు.

గణేష్‌కి ఫోన్ చేశాను. ఆదివారం రారా, గోడ చూద్దువు గాని అన్నాను. అంతకన్నా ఏమీ చెప్పలేదు.

జూన్ 17

గణేష్ పదింటికి వచ్చాడు. నాగవేణి ఉప్మా పెట్టింది. తిన్నాక తొట్టి ముందు నా కుర్చీలో కూర్చోమన్నాను. పచ్చ నక్షత్రాలు సగం గోడ ఎక్కాయి. వాడు చూసి మురిసిపోయాడు.

"ఎడమ కన్ను చేత్తో మూసుకో" అన్నాను.

"దేనికన్నయ్యా?"

"మూసుకో. నడిమధ్యలో ఎర్ర బొత్తాం ఉంది చూడు. దాన్నే చూస్తూ ఉండు. తల తిప్పకు. ఇప్పుడు చెప్పు, గోడ ఎలా ఉంది?"

నేను వాడి వెనక నిలబడ్డాను. వాడి ముఖం చూడాల్సి రాకుండా. దేవుణ్ణి తలుచుకున్నాను, చాలా ఏళ్ళ తర్వాత. ఈ ఒక్కడికి వద్దు అనుకున్నాను.

"బావుందన్నయ్యా. అంతా బావుంది." కొంచెం ఆగాడు. "ఆ పై మూలే కాస్త మసగ్గా ఉంది. ట్యూబు పాతబడినట్టుంది, మార్పించు."

వంటింటి గుమ్మంలో నాగవేణి చేతిలో పళ్ళెం చప్పుడైంది.

నేను ముందుకొచ్చి వాడి ఎదురుగా కింద కూర్చున్నాను. అంతా చెప్పాను. శిబిరం, చీటీ, బల్బు, ఆసుపత్రి. తాత మెరుపు, అత్త పొగ, నాన్న మగ్గం. రెండు కాగితాలూ చూపించాను. నాలుగైదేళ్ళ ముందొస్తే చాలా మిగిలేదని డాక్టరుగారు నాతో అన్నారు, నీకు ఆ నాలుగైదేళ్ళు ఇంకా ఉన్నాయిరా అన్నాను.

వాడు ఎడమ కన్ను మూసుకున్న చెయ్యి తీయలేదు. అలాగే గోడ వైపు చూస్తూ ఉన్నాడు.

"నేను వైపరు అనుకున్నానన్నయ్యా" అన్నాడు చివరికి.

"ఏంటి?"

"బస్సు ముందద్దం. పై మూల సరిగ్గా తుడవట్లేదనుకున్నాను. పోయిన వానాకాలం నించీ. రెండు సార్లు వైపరు మార్పించాను."

పంపు చప్పుడు వినిపిస్తోంది.

రేపు పొద్దున్నే ఇద్దరం ఆసుపత్రికి వెళ్తున్నాం. నాగవేణి కూడా వస్తానంది. కాలేజీకి వాడే ఫోన్ చేసి, రేపటికి వేరే డ్రైవరుని చూసుకోమని చెప్పాడు. ఎందుకని వాళ్ళు అడిగితే, కళ్ళు చూపించుకోవాలి అన్నాడు. ఇంకే కారణం చెప్పలేదు.

తర్వాత జేబులోంచి బస్సు తాళం తీసి, తొట్టి పక్కనున్న బల్ల మీద పెట్టాడు. నేను అడగలేదు.

చుక్కలు వేసుకున్నాను.